బుర్జీలో కొత్తిమీర కాడలు

ఈమధ్య రాయచూరులో గుడ్ల బండి పెట్టాలనుకునేవాళ్లు కొందరు మా ఇంటికి వచ్చి, "సేఠ్, బుర్జీల ఏం మసాలా ఏస్తుంటివి?" అని అడుగుతున్నారు. మసాలా ఏమీ లేదంటే నమ్మరు. దుకాణదారు కొడుకు, ఊరికే చెప్తాడా అన్నట్టు చూస్తారు. వాళ్లు నమ్మకపోవడం నాకూ కొంచెం బాగానే ఉంటుంది. లేని సరుకుకు గిరాకీ వస్తే ఏ వ్యాపారికి చేదు?

మోకాళ్లు అరిగి తవా దించినవాణ్ని, ఇక దాచుకుని మాత్రం చేసేదేముంది? స్టేషన్ రోడ్డులో రేకుల షెడ్డు కింద జీవితమంతా గుడ్లు పగలగొట్టాను. ఆ పనిలో ఏముందో చెప్తాను. లైసెన్సు ఎలా తీయాలి, గ్యాస్ ఎక్కడ దొరుకుతుంది లాంటివి ఇంకెవరినైనా అడగండి. ముందే ఒక మాట: ఇందులో సగానికి పైగా అసూయే. ఈ పనిలో నాకు కొంత నేర్పింది మా ఉస్తాద్, మిగతాదంతా ఎదురు దుకాణం.

పప్పుల ఇల్లు

మా నాయినది గంజ్‌లో, అంటే ధాన్యం బజారులో, పప్పుల దుకాణం. కందులు, పెసలు, శనగలు. బడి వదలగానే నేనూ తమ్ముడూ ఆ గోనెసంచుల మధ్యనే పెరిగాం. అక్షరాలు బడిలో నేర్చుకున్నాను కానీ మనుషుల్ని చదవడం అక్కడే వచ్చింది.

ఒకసారి ఒకాయన వచ్చి, కందిపప్పు గుప్పెడు తీసి చూసి, "వా, ఏం రంగు సేఠ్! బంగారం తీర్గ ఉంది" అన్నాడు. నేను త్రాసు సవరించబోయాను. నాయిన కంటితోనే ఆగమన్నాడు. వచ్చినాయన ఇంకో రెండు పొగడ్తలు చెప్పి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. తర్వాత ఇంకొకడు వచ్చాడు. "ఇది నిరుటి పప్పు. రాళ్లున్నయ్. పురుగు పట్టినట్లుంది" అంటూ దుకాణం పరువంతా తీశాడు. నాకు ఏడుపొచ్చింది. నాయిన నా చెవి దగ్గర వంగి అన్నాడు:

"మాట ఇనకురా, చెయ్యి సూడు. చెయ్యి సంచిల నుంచి ఎల్లిందా?"

వెళ్లలేదు. తిట్టినంతసేపూ మోచేతి దాకా సంచిలోనే ఉంది.

"వాడు కొంటడు," అన్నాడు నాయిన. కొన్నాడు కూడా.

ఒక గద్దె మీద ఇద్దరు కొడుకులు పట్టరు. తమ్ముడికి ఓపిక ఎక్కువ, వాడికి గద్దె దక్కింది. నాకు నోరు ఎక్కువ, స్టేషన్ రోడ్డు దక్కింది. అక్కడ చాయ్ అమ్మి, బన్ను అమ్మి, చివరికి గుడ్డు దగ్గర ఆగాను. రైలు దిగినవాడికి, లారీ దిగినవాడికి, వడ్ల మిల్లులో బస్తాలు మోసి వచ్చినవాడికి వేడిగా, తొందరగా, కడుపు నిండా పెట్టగలిగేది గుడ్డే.

మా ఇంట్లో మాత్రం గుడ్డు అనే మాటే పలకరు. అమ్మ పెరటి తలుపు దగ్గర నాకోసం వేరే బకెట్టు పెట్టింది. స్నానం చేసి, బట్టలు మార్చుకుంటే తప్ప ఏ గిన్నెనూ ముట్టుకోనిచ్చేది కాదు. నాయిన ఒక్కనాడూ తిట్టలేదు. ఎవరైనా అడిగితే, "పెద్దోడు స్టేషన్ దిక్కు హోటల్ నడుపుతున్నడు" అనేవాడు. ఏం హోటలో చెప్పేవాడు కాదు. స్టేషనుకు పోవాల్సి వస్తే రోడ్డుకు అవతలి పక్క నుంచి, గొడుగు నా వైపు వంచుకుని పోయేవాడు. ఎండ అటువైపు ఉన్నా సరే.

నేను కోరుకున్నది ఒక్కటే. ఏదో ఒకనాడు ఆ మనిషి నా చేతి బుర్జీ తినాలి. ఊరంతా తిన్నా ఆ ఒక్క గిరాకీ రాలేదు.

తవా చెప్పేది వినాలి

పని నేర్పింది బాబూమియా. స్టేషన్ పక్కన చిన్న హోటల్లో ఆమ్లెట్లు వేసేవాడు. నన్ను "సేఠ్ కా బేటా" అని తప్ప పేరు పెట్టి పిలవలేదు, అదీ వెటకారంగానే. తవా వైపు చూస్తే తిట్టేవాడు. "ఆంఖ్ బంద్, కాన్ ఖులా," అనేవాడు. కళ్లు కాదు, చెవులు తెరిచి ఉంచమని. ఉల్లిగడ్డలో తడి ఉన్నంతసేపు నూనె గోల చేస్తుంది. తడి పోగానే గొంతు తగ్గించి గుసగుసలాడుతుంది. గుడ్డు పోయాల్సింది అప్పుడు. పోశాక ఎక్కువ కెలకొద్దు. కొంచెం గడ్డకట్టనిచ్చి, అట్లకాడతో అడుగు నుంచి మెల్లగా తోసి, ఇంకా కాస్త పచ్చిగా మెరుస్తుండగానే దించాలి. ప్లేటులో పడ్డాక మిగతా ఉడుకు దానంతటదే అవుతుంది. తవా మీదే పూర్తిగా ఉడికిందంటే ప్లేటు చేరేసరికి రబ్బరే.

ఆకు సంగతి. కొత్తిమీర, పుదీనా కడిగి వెంటనే వేసేవాడు ఈ పని మానుకోవడం మంచిది. తడి ఆకు పడితే గుడ్డు నీళ్లొదులుతుంది. పొద్దున్నే కడిగి గుడ్డ మీద ఆరబెట్టాలి. పుదీనా చిటికెడు చాలు, ఎక్కువైతే పళ్లపొడి వాసన. మెంతికూర వేయాలంటే ఉల్లిగడ్డతోనే వేయాలి, లేకపోతే చేదు. కొత్తిమీర ఆకు మాత్రం మంట ఆపాకే.

బాబూమియా కొత్తిమీర కాడలు తుంచి డ్రమ్ములో పారేసేవాడు. అది నేను చూడలేకపోయాను. మా ఇంట్లో పప్పు పొట్టును కూడా బర్రెలకు అమ్ముతాం, నూక వేరు, తౌడు వేరు. నేను ఆ కాడలు ఏరుకుని, సన్నగా తరిగి, ఉల్లిగడ్డతో పాటు నూనెలో వేశాను. ఉస్తాద్ చూసి, "క్యా రే, లోగోంకో ఘాస్ ఖిలాతా?" అని అరిచాడు. జనానికి గడ్డి పెడతావా అని. తర్వాత ఒక ముద్ద తిన్నాడు. మర్నాటి నుంచి కాడలు డ్రమ్ములో కనబడలేదు.

నా వృత్తి మొత్తంలో నేను కనిపెట్టింది అంతే. కాడలో ఆకు కంటే వాసన ఎక్కువ. తర్వాత నా షెడ్డులో అదే నా గుర్తయింది.

ఎదురు దుకాణం

ఎన్నో ఏళ్లు ఆ రోడ్డులో బుర్జీ అంటే నేనే. అప్పుడు వచ్చింది రత్నమ్మ. తుర్విహాళ దిక్కు కాలువ కింద వరి పండించే ఆంధ్రా కుటుంబం. పిల్లల చదువుకని రాయచూరు వచ్చి, సరిగ్గా నాకు ఎదురుగా ఒక మడిగె అద్దెకు తీసుకుంది. మొదటి రోజే రోడ్డు దాటి వచ్చి దండం పెట్టింది.

"అన్నయ్య గారూ, కొత్తగా పెట్టుకున్నామండి. మీ ఆశీర్వాదం ఉండాలి."

"అట్లనే అమ్మా, మంచిగ నడవనీ," అన్నాను. నడవకూడదని మనసులో ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను.

నడిచింది. ఆమె ఒక్కో ప్లేటు విడిగా చేసేది. నేను నాలుగైదు ప్లేట్లకు కలిపి ఒకేసారి కొట్టేవాణ్ని. ఆలస్యమైతే జనం విసుక్కుంటారని నేను కాచుకుని ఉన్నాను. విసుక్కోలేదు. నిలబడి వాసన పీలుస్తూ ఎదురుచూసేవాళ్లు. డబ్బులు ఫోన్లో వేస్తే ఎంత వచ్చిందో పైకి అరిచే పెట్టె ఒకటి పెట్టుకుంది. అది కన్నడంలో అరిచినప్పుడల్లా నా తవా మీద ఒక గుడ్డు పెంకు పడేది.

ఒక ఆటో అతన్ని పంపించి ఆమె బుర్జీ ఒక పొట్లం తెప్పించాను. షెడ్డు వెనక నిలబడి తిన్నాను. వృత్తి గురించి రాస్తూ అబద్ధం చెప్పకూడదు కాబట్టి చెప్తున్నాను, బాగుంది. గుడ్డు అప్పుడే తోడుకున్న పెరుగులా ఉంది. పైన సబ్బసిగె చల్లింది. దారాల్లాంటి సన్న ఆకు, సోంపు వాసన. మా ఊళ్లో దాన్ని పప్పులోనో వడల్లోనో వేస్తారు. పుట్టినప్పటి నుంచీ నా కళ్లముందు కుప్పలుగా పడి ఉన్న ఆకు. గుడ్డు మీద వేయాలని నాకు తట్టలేదు, కాలువ గట్టు నుంచి వచ్చిన ఆమెకు తట్టింది. ఆ రోజు అన్నం సహించలేదు.

మర్నాడు నాలోని పప్పుల వ్యాపారి నిద్రలేచాడు. సరుకు మొత్తం మన చేతిలో ఉంటే ధర మనది. గంజ్‌లో కందులకు నడిచే సూత్రం కూరగాయల బజారులో నడవదా? తెల్లవారుతుండగానే పోయి, ఆకుకూరలమ్మే మల్లమ్మ దగ్గరా, యరగేర నుంచి బుట్టలు తెచ్చేవాళ్ల దగ్గరా సబ్బసిగె అంతా బేరమాడి కొనేశాను. ఎంత గట్టిగా బేరమాడానంటే మల్లమ్మ, "యాకప్పా, మనేల్లి మదివె ఏనో?" అని నవ్వింది. ఇంట్లో పెళ్లా అని.

"పెళ్లి కాదు, ఇంకొకటి," అన్నాను.

ఆటో నిండా ఆకు వేసుకుని వచ్చి షెడ్డులో పేర్చాను. కాళ్లు చాపుకుని ఎదురు దుకాణం వైపు చూస్తూ కూర్చున్నాను. పొద్దెక్కింది. రాయచూరు ఎండ మీకు తెలిసిందే. రేకుల కింద నా నిల్వ మొత్తం తల వేలాడేసింది. కందులు ఏడాది నిలబడతాయి. ఆకు మధ్యాహ్నం దాకా నిలబడదు. అంతమంది వ్యాపారుల మధ్య పెరిగి అంత చిన్న సంగతి మరిచాను.

అప్పుడు రత్నమ్మ రోడ్డు దాటి వచ్చింది.

"అన్నయ్య గారూ, ఇవాళ బజారంతా తిరిగినా సబ్బసిగె దొరకలేదండి. మీ దగ్గర చాలా ఉన్నట్టుంది. ఓ కట్ట ఇప్పిస్తారా?"

కుప్పలో అడుగున ఇంకా కాస్త ప్రాణమున్న కట్ట చూసి నేనే తీసి ఇచ్చాను. నేను బేరమాడి తెచ్చిన ఆకు ఆ రోజు ఆమె గిరాకీలు తిన్నారు. మిగిలింది వదిలించుకోవడానికి నేను బుర్జీలో, ఆమ్లెట్లో, చట్నీలో కూడా వేశాను. సాయంత్రం, రోజూ నా దగ్గర తినే గంజ్ హమాలీ ఈరన్న, "సేఠ్, చాయ్‌లనన్న ఎయ్యకు, కాళ్లు మొక్కుతా," అన్నాడు.

మీకు చెప్పేదేమిటంటే, ఎదుటివాడి ఆకును కొనకండి. ఆమె గెలిచింది ఆకుతో కాదు, ఒక్కో ప్లేటుకు ఒక్కోసారి మంట తగ్గించడంతో. అది తెలిసినా నేను చేయలేదు. చేస్తే ఆమెను చూసి నేర్చుకున్నాడంటారని.

గొడుగు

ఒక మధ్యాహ్నం రద్దీ తగ్గాక, అలవాటుగా ఆమె గిరాకీలను లెక్కపెడుతున్నాను. లోపలి బల్ల మీద, గోడ వైపు తిరిగి ఒక తెల్ల ధోవతి. పక్కన ఆనించి ఒక గొడుగు. దాని పిడికి రాగి తీగ చుట్టి ఉంది.

ఆ తీగ చుట్టింది నేనే.

అట్లకాడ చేతిలోనే ఉండిపోయింది. తవా మీద బుర్జీ మాడి పొగ లేచింది. గిరాకీ ఎవరో అరుస్తున్నారు. నాయిన ప్లేటు ముగించి, చేయి కడుక్కుని, గొడుగు విప్పుకుని, నా వైపు వంచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఏమీ ఎరగనట్టు రత్నమ్మను అడిగాను. "ఆ పెద్దమనిషి ఎవరమ్మా, గోడ దిక్కు కూసుంటడు?"

"ఎవరోనండి, పేరు చెప్పరు. చాలా రోజుల్నుంచి వస్తున్నారు. తినేసి, 'బాగుందమ్మా' అంటారు. అంతేనండి, ఇంకో మాట మాట్లాడరు."

బాగుందమ్మా. నేను పరీక్ష పాసైనప్పుడు ఆ మాట రాలేదు. షెడ్డు వేసినప్పుడు రాలేదు. పెద్ద త్రాసులో తూచి తూచి దాచుకున్న ఆ మాటను మా నాయిన రోజూ ఆమెకు కొసరుగా ఇచ్చి పోతున్నాడు. మగవాడు పెళ్లాం మీద అనుమానంతో ఎలా రగులుతాడో నాకు తెలియదు కానీ, కన్నతండ్రి ఎదురు దుకాణంలో తింటుంటే ఎలా ఉంటుందో తెలుసు.

గోదాం

ఆ ఏడే వానలు మొదలయ్యాక నాయిన దుకాణం మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించి ఇంటికి తెస్తే ఉండనన్నాడు. దుకాణం వెనక గోదాంలో మంచం వేయమన్నాడు. "పప్పు వాసన లేకుంటే నిద్ర పట్టదు," అని అమ్మకు చెప్పాడు. అమ్మ నమ్మింది. తమ్ముడికి అర్థం కాలేదు. రెండోనాడు నన్ను ఒక్కణ్ని పిలిచినప్పుడు నాకు అర్థమైంది.

"పెద్దోడా, నీ ఎదురుగ ఆంధ్రా ఆమె ఉంది సూడు."

"ఉంది."

"ఆమె దగ్గర ఒక పొట్లం కట్టించుకరా. బలం లేదు, గుడ్డు తినమని డాక్టర్ ఎప్పుడో చెప్పిండు. ఇంట్ల మీ అమ్మకు తెల్వొద్దు."

"నాయినా, నా దగ్గర..."

"నీ దగ్గర గంజ్ హమాలీలంత తింటరు. నేను నీ షెడ్డుల కూసుంటే పొద్దుగూకకముందే ముచ్చట ఇంటికొస్తది. అందుకే ఆమె దగ్గరికి పోతుంటి."

"ఈడికి తెస్తే ఎవరు సూస్తరు? సంచులు చెప్తయా?"

నాయిన సంచుల వైపు చూశాడు. అబద్ధం వెతుకుతున్నాడేమో అనుకున్నాను. వెతకలేదు.

"ఆమెది నోటికి అలవాటైందిరా," అన్నాడు.

రోజూ నా షెడ్డు వదిలి, నా గిరాకీల ముందు నుంచే రోడ్డు దాటి, ఎదురు దుకాణంలో పొట్లం కట్టించుకునేవాణ్ని. ఈరన్న ఊరుకుంటాడా? "ఏంది సేఠ్, సొంత తవా తుప్పు పట్టిందా?" రత్నమ్మ అయితే సంబరపడిపోయింది. "అన్నయ్య గారికే నా బుర్జీ ఇంత నచ్చుతుందని అనుకోలేదండి!" అని కొంచెం ఎక్కువే వేసేది. తినేది ఎవరో చెప్పే దారి లేదు. నవ్వి, పొట్లం పట్టుకుని వచ్చేసేవాణ్ని.

గోదాంలో నాయిన నా వైపు చూడకుండా తినేవాడు. తిన్నాక, "బాగుంది," అనేవాడు. పొట్లం కాగితం నేనే తీసి పారేసేవాణ్ని.

ఒకనాడు పోయేసరికి ఆమె షట్టర్ మూసి ఉంది. నాట్లకని తుర్విహాళ పోయిందట, వారం దాకా రాదట. పక్క పాన్‌డబ్బా అతను చెప్పాడు. రోడ్డు మధ్యలో నిలబడి నేను దొంగలా నవ్వుకున్నాను.

షెడ్డుకు వచ్చి గిరాకీలను కాసేపు ఆగమన్నాను. మంట తగ్గించాను. ఒక్క ప్లేటుకు సరిపడా మాత్రమే. ఉల్లిగడ్డ గుసగుసలాడేదాకా చెవి పెట్టాను. గుడ్లు పోసి, ఆమె తోసినట్టే మెల్లగా తోసి, మెరుస్తుండగా దించాను. మంట ఆపి సబ్బసిగె చల్లాను. ఆమె కట్టినట్టే కట్టి, ఆమె దారం ముడే వేసి తీసుకుపోయాను. ఇన్నేళ్లు చూసిందంతా ఆ ఒక్క ప్లేటులో పెట్టాను.

నాయిన పొట్లం విప్పి ప్లేటులో వేసుకున్నాడు. రొట్టె తుంచి ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. నమలడం ఆపాడు.

"ఆమె ఊర్ల లేదా?"

పొట్లం దారం ఏరి వేలికి చుట్టుకున్నాను.

వేలితో ప్లేటులో కెలికి, ఆకుపచ్చటి ముక్క ఒకటి పైకి తీసి వెలుతురులో పెట్టి చూశాడు, కందిపప్పులో రాయి చూసినట్టు.

"కాడ. ఆమె కాడలు పారేస్తది. కాడలు గూడ అమ్ముకునేటోళ్లు ఈ ఊర్ల ఒక్కళ్లే ఉన్నరు."

ఆమెలా చేయాలని అన్నీ గుర్తుపెట్టుకున్నాను. ఉల్లిగడ్డ తరిగేటప్పుడు చేయి మాత్రం నన్ను అడక్కుండానే కాడలూ తరిగేసింది.

"ఉప్పు తక్కువైంది," అని ఇంకో ముద్ద తిన్నాడు.

నేను నీళ్ల చెంబు ఆయన దగ్గరికి జరిపాను.

"ఉల్లిగడ్డ ఇంకింత ఏగాలె." ఇంకో ముద్ద. "సబ్బసిగె ఎక్కువేసినవ్. నీకు ఆకు కనబడితే ఆగదు, ఆ ఆటో ముచ్చట గంజ్ దాకా వచ్చింది." ఇంకో ముద్ద. "మిరియాలు దంచినవా, తొక్కినవా? పంటికింద పడ్తున్నయ్."

రోషమొచ్చింది. "బాగలేకుంటే ఇడిసిపెట్టు నాయినా," అని ప్లేటు తీయబోయాను.

ఎడమ చేత్తో ప్లేటును తన వైపు లాక్కున్నాడు. కుడి చేయి దానిలోంచి తీయలేదు. రొట్టె అయిపోయింది. ఉత్త బుర్జీ తిన్నాడు. తింటూనే, గుడ్లు పాతవా అని అడిగాడు.

చివరికి మూతి తుడుచుకుని, "ఆమె వచ్చినంక ఆమె దగ్గర్నే తే," అన్నాడు.

అది నాకు ఇప్పటికీ మంటే. ఆమె వచ్చాక మళ్లీ రోడ్డు దాటాను, నాయిన పోయేదాకా దాటుతూనే ఉన్నాను. ఇప్పుడు కూడా ఆ దారిన పోతే ఆమె ముందు నిలబడ్డవాళ్లను లెక్కపెడతాను.

ఆ రోజు మాత్రం ప్లేటు కడగడానికి తీసుకుపోయి, గోదాం వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాను. ఒక్క కాడ మిగల్లేదు.